చలి ప్రాంతాల పెరటి నేలకు కవర్ పంటలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చలికాలంలో నేల గడ్డకట్టే ప్రాంతాల్లో కూరగాయలు పండించుకుంటున్న పాఠకులు కవర్ పంటల గురించి, అంటే పంటకూ పంటకూ మధ్య నేలను కప్పి ఉంచడానికి వేసే పైర్ల గురించి, కొంతకాలంగా ప్రశ్నలు పంపుతున్నారు. వాటిలో తరచుగా వచ్చిన వాటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా దగ్గర ఏటా నాలుగు నెలలకు పైగా నేల గడ్డకట్టి ఉంటుంది. శరదృతువులో చివరి కోత కాగానే మడిని శుభ్రంగా తవ్వి ఖాళీగా వదిలేస్తాను. ఏ మొక్కా పెరగని కాలంలో నేలకు పైరు అవసరం ఏముంది?

జవాబు: నేల గడ్డకట్టి ఉన్నంత కాలం దానికి జరిగే నష్టం నిజానికి తక్కువే. దానికి ముందూ వెనుకా ఉండే కొన్ని వారాలే ప్రమాదకరమైనవి. పంట తీసేశాక కూడా నేల కొంతకాలం వెచ్చగానే ఉంటుంది కనుక సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని కుళ్ళబెడుతూ నైట్రేట్ రూపంలో నత్రజనిని విడుదల చేస్తూనే ఉంటాయి. దాన్ని పీల్చుకునే వేళ్ళు ఆ సమయానికి మడిలో ఉండవు. రుణావేశం గల నైట్రేట్‌ను మట్టి రేణువులూ పట్టి ఉంచలేవు కనుక అది శరత్కాలపు వానలతోనూ, తరువాత కరిగే మంచుతోనూ వేళ్ళకు అందని లోతుకు దిగిపోతుంది. వసంతంలో వచ్చే ఇబ్బంది వేరు. పైన ఐదారు సెంటీమీటర్ల మట్టి కరిగినా కింది పొర ఇంకా గడ్డకట్టే ఉండడం వల్ల నీరు ఇంకే దారి లేక పక్కకు పారుతుంది, పారుతూ సన్నని సారవంతమైన మట్టిని తనతో తీసుకుపోతుంది.

మీరు చేస్తున్న పనిలో ముందుగా మానవలసింది ఆ తవ్వకాన్ని. బరువైన బంకమట్టి గడ్డలను చలి పగులగొడుతుందన్న మాట నిజమే గాని, అలా పొడి అయిన మట్టికి పైన కప్పు లేకపోతే వసంతంలో నాలుగు వానలు పడగానే మళ్ళీ అట్టకట్టుకుపోతుంది. ఇంకొక విషయం కూడా గుర్తుంచుకోవాలి. నేలను కాపాడడానికి పైరు చలికాలమంతా బ్రతికి ఉండవలసిన పని లేదు. శరదృతువులో ఏపుగా పెరిగి, చలికి చచ్చి, నేలమీద పడుకున్న ఓట్స్ గడ్డి కూడా వాన దెబ్బనుంచి మట్టిని కాపాడుతుంది. దాని వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి, నిలిచి ఉన్న కాడలు గాలికి ఎగిరిపోయే మంచును ఆపుతాయి.

ప్రశ్న: రై, ఓట్స్, వెచ్, క్లోవర్, బక్‌వీట్ అంటూ విత్తనాల జాబితాలు చూసి తికమక పడుతున్నాను. మనకు తెలిసిన జనుము, జీలుగ వేయకూడదా? ఏది ఎప్పుడు చల్లాలి?

జవాబు: మీ జాబితాలో రై, ఓట్స్ ధాన్యపు జాతి గడ్డి పైర్లు; వెచ్, క్లోవర్ పప్పుజాతి పైర్లు; బక్‌వీట్ త్వరగా పెరిగే వేసవి పైరు. జనుము, జీలుగ వేడిని కోరే పైర్లు. వేసవిలో రెండు నెలల వెచ్చదనం దొరికితే పెరుగుతాయి గాని, చల్లని వేసవిలో అంతగా ఎదగవు, తొలి గడ్డకట్టే చలికే మాడిపోతాయి. వేసవి నడుమ మడి ఖాళీ అయినవారికి వాటికంటే బక్‌వీట్ నయం. నాలుగు నుంచి ఆరు వారాల్లో పూతకు వస్తుంది, త్వరగా గుబురుకట్టి కలుపును అణచివేస్తుంది. అయితే పూత మొదలైన వారం పది రోజుల్లో కోసేయాలి. గింజ కట్టనిస్తే మరుసటి ఏడాది అదే కలుపుగా మొలుస్తుంది.

మిగిలిన వాటి విషయంలో పేర్లు చూడకముందు రెండు తేదీలు కాగితం మీద వ్రాసుకోండి. మీ ప్రాంతంలో సాధారణంగా నీరు గడ్డకట్టే తొలి రాత్రి ఎప్పుడు వస్తుందన్నది మొదటిది, వచ్చే వసంతంలో ఆ మడిలో ఏ తేదీకి విత్తనం పడాలన్నది రెండవది. మొదటి తేదీ నుంచి వెనక్కి లెక్కపెడితే ఏ పైరుకు సమయం ఉందో తెలుస్తుంది. రెండవ తేదీని బట్టి, ఆ పైరు తనంతట తానే చావాలా, మనం చంపవలసినదైనా ఫరవాలేదా అన్నది తేలుతుంది. కవర్ పంట వేసి విసిగిపోయినవారు ఎక్కువగా ఈ రెండవ తేదీని ఆలోచించనివారే.

బఠాణీ, పాలకూర, ఉల్లి, క్యారెట్ వంటివి నేల కరిగీ కరగకముందే వేసుకునే మళ్ళకు, చలికి చచ్చిపోయే పైర్లే తగినవి. ఓట్స్, మేత బఠాణీ, పొడుగు వేరు ముల్లంగి ఈ కోవకు చెందుతాయి. వీటిని తొలి గడ్డకట్టే రాత్రికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు చల్లాలి. తేలికపాటి చలికి ఇవి చావవు. ఉష్ణోగ్రత సున్నాకు ఏడెనిమిది డిగ్రీలు దిగువకు పడి కొంతకాలం నిలిచినప్పుడే నేలకొరుగుతాయి కనుక, శరదృతువు చివరిదాకా పెరుగుతూనే ఉంటాయి. ఓట్స్‌ను చదరపు మీటరుకు 15 నుంచి 20 గ్రాములు చల్లి, దంతెతో పైపైన గీరి, రెండు మూడు సెంటీమీటర్ల మట్టి కప్పితే చాలు. ముల్లంగికి ఒకటి రెండు గ్రాములు సరిపోతాయి. ఒత్తుగా చల్లితే వేరు లావెక్కదు.

టమాటా, గుమ్మడి, మొక్కజొన్న వంటివి వేసే మళ్ళను వసంతం ముదిరేదాకా ఎలాగూ వాడరు కనుక, వాటిలో చలికాలాన్ని తట్టుకుని బ్రతికే పైర్లు వేయవచ్చు. ధాన్యపు జాతి పైర్లలో రైని మించి చలిని తట్టుకునేది లేదు. సున్నాకు ఒకటి రెండు డిగ్రీల పైన కూడా దాని గింజ మొలకెత్తగలదు, కనుక తొలి గడ్డకట్టే రాత్రి వచ్చిన తరువాత కూడా ఒక వారం పాటు చల్లుకోవచ్చు. నత్రజని కోసం వేసే హెయిరీ వెచ్‌కు అంత ఆలస్యం పనికిరాదు. చలి బిగిసేలోగా వేళ్ళు స్థిరపడాలి కనుక దానికి కనీసం ఐదారు వారాలు కావాలి. రై, వెచ్ కలిపి చల్లితే వెచ్ తీగ రై కాడల మీద ప్రాకుతుంది, రెండూ ఒకదాని లోపాన్ని ఒకటి పూడ్చుకుంటాయి.

పెరటి తోటకు ఒకే పైరు చెప్పమంటే నేను ఓట్స్ పేరే చెబుతాను. పుస్తకాల్లో రైకి దక్కే ప్రశంసలు ట్రాక్టరు ఉన్న రైతును దృష్టిలో పెట్టుకున్నవి. ఒక పార, ఒక కొడవలి మాత్రమే ఉన్నవారికి వసంతంలో రై పెట్టే శ్రమ ఎంతటిదో కింది ఉత్తరం చూస్తే అర్థమవుతుంది.

ప్రశ్న: నిరుడు శరదృతువులో రై వేశాను. వసంతంలో మోకాలి ఎత్తు పెరిగింది. కోసి, పారతో తిరగవేసి, మరునాడే క్యారెట్, లెట్యూస్ విత్తనాలు వేశాను. రై మళ్ళీ చిగురించింది, విత్తనాలు మాత్రం మొలవలేదు. లోపం విత్తనాలదా?

జవాబు: విత్తనాలను అనుమానించవలసిన పని లేదు. మీ మడిలో మూడు సంగతులు ఒకేసారి జరిగి ఉంటాయి.

మొదటిది, కోసిన దశ. రై కాడలో వెన్ను ఇంకా బయటికి రాని దశలో కోస్తే దుబ్బు నుంచి మళ్ళీ పిలకలు వేస్తుంది. కొడవలితో కోసినంత మాత్రాన అది చచ్చేది వెన్ను వేసి పుప్పొడి రాలుస్తున్నప్పుడు. వెన్నును వేలితో తట్టితే పసుపు పొడి రాలుతుంది, అదే గుర్తు. కాని చలి ప్రాంతంలో ఆ దశ వచ్చేసరికి వేసవి మొదలవుతుంది, అన్నాళ్ళు మడిని వదులుకోవడానికి అందరూ సిద్ధపడరు. అందుకే పెరటివారు రైని ఒక జానెడు ఎత్తు దాటకముందే మొదలంటా నరికి, దుబ్బులను తలకిందులు చేసి, మట్టిలో పూర్తిగా కప్పెట్టాలి. అప్పటికి నేల తడిగా ఉండి పార దించడానికి వీలుకాకపోతే, కోసిన మడిమీద వెలుతురు చొరని నల్లని టార్పాలిన్ పరిచి, అంచుల మీద రాళ్ళు పెట్టి మూడు నాలుగు వారాలు వదిలేయవచ్చు. వసంతం మరీ చల్లగా ఉంటే ఇంకొంత కాలం పట్టినా, నేలను తవ్వకుండానే పని ముగుస్తుంది. పిడికెడు మట్టి తీసి గట్టిగా నొక్కి, ఆ ముద్దను బొటనవేలితో తోసి చూడండి. పొడిగా విడిపోకుండా మైనంలా వంగితే ఆరోజు పార ముట్టకూడదు. తడి బంకమట్టిని తవ్వితే పైరు చేసిన మేలు కంటే తవ్వకం చేసే కీడే ఎక్కువ.

రెండవది, కుళ్ళుతున్న రై నుంచి మట్టిలోకి చేరే సహజ రసాయనాలు. ఇవి చిన్న గింజల మొలకను అణచివేస్తాయి. కలుపు తగ్గడానికి ఉపయోగపడే గుణమే ఇది, కాని క్యారెట్, లెట్యూస్, ఉల్లి గింజలను కూడా అది వదలదు. రైని నేలలో కలిపిన తరువాత రెండు మూడు వారాలు ఆగితే దాని ప్రభావం చాలావరకు తగ్గుతుంది. బఠాణీ, చిక్కుడు వంటి పెద్ద గింజలకు, బాగా వేళ్ళూనిన నారుకు దీనివల్ల ఇబ్బంది తక్కువ. అనుమానం ఉన్నవారు రై కలిపిన మడి నుంచి ఒక తొట్టెలోకి, రై వేయని చోటు నుంచి ఇంకొక తొట్టెలోకి మట్టి తీసుకుని, రెండింటిలోనూ లెక్కపెట్టి అన్నే లెట్యూస్ గింజలు వేసి, ఇంట్లో ఒకే కిటికీ దగ్గర ఉంచితే వారం పది రోజుల్లో తేడా కళ్ళకు కనబడుతుంది. రెండు తొట్టెల్లోనూ సమానంగా మొలకలు వస్తే మడిలో విత్తుకోవచ్చు.

మూడవది, నత్రజని కరవు. సూక్ష్మజీవులకు తమ ఆహారంలో సుమారు 24 పాళ్ళ కర్బనానికి ఒక పాలు నత్రజని కావాలి. లేత రైలో ఈ నిష్పత్తి దాదాపు 26కి 1 ఉంటుంది కనుక పెద్దగా చిక్కు లేదు. ముదిరి గడ్డిగా మారిన రైలో అది 80కి 1 దాటుతుంది. అలాంటి గడ్డిని నేలలో కలిపితే సూక్ష్మజీవులు తమకు చాలని నత్రజనిని మట్టి నుంచే లాక్కుంటాయి, ఆ కొన్ని వారాలు మన పంట పసుపు రంగుకు తిరుగుతుంది. మీ రై మోకాలి ఎత్తుకు చేరిందంటే ముదరడం మొదలైందనే అర్థం. ఈసారి ముదిరిపోతే దాన్ని నేలలో కలపకుండా కోసి పైన పరచి, సందుల్లో టమాటా నారు నాటుకోండి. పైనున్న గడ్డి నెమ్మదిగా కుళ్ళుతుంది కనుక నత్రజనిని అంతగా లాగదు.

ప్రశ్న: పంట తీసేసరికే మాకు చలి మొదలవుతుంది. ఇక రెండు వారాలే ఉందనుకుంటే ఏమి చల్లాలి?

జవాబు: రై ఒక్కటే. చదరపు మీటరుకు 20 గ్రాముల దాకా ఒత్తుగా చల్లండి, ఆలస్యమైనప్పుడు పిలకలు తక్కువ వస్తాయి. మంచు పడేలోగా వేలెడు మొక్కలు లేచినా వసంతంలో అవి కోలుకుంటాయి. వసంతంలో దాన్ని చంపే ఓపిక లేదనుకుంటే రాలిన ఆకులను ముక్కలు చేసి నాలుగైదు అంగుళాల మందాన పరచండి. పైరు ఇచ్చే వేళ్ళు దానితో రావు గాని, మట్టి కొట్టుకుపోకుండా ఉంటుంది.

ప్రశ్న: వెచ్, క్లోవర్ వంటి పప్పుజాతి పైర్లు వేస్తే ఇక ఎరువు వేయనక్కరలేదని విన్నాను. నిజమేనా?

జవాబు: సగం నిజం. ఈ మొక్కలు గాలిలోని నత్రజనిని వాడుకోగలవని 1886లో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెల్రీగెల్ వెల్లడించారు, వేరు బుడిపెల్లోని బాక్టీరియాను 1888లో డచ్ శాస్త్రవేత్త మార్టినుస్ బైజరింక్ వేరుచేసి చూపారు. అంటే పని చేసేది బాక్టీరియా, మొక్క దానికి చోటూ చక్కెరలూ ఇస్తుంది. మీ నేలలో ఆ బాక్టీరియా లేకపోతే వెచ్ కూడా మామూలు గడ్డిలాగే మట్టిలోని నత్రజని మీదే బ్రతుకుతుంది. అందుచేత ఆ మడిలో మొదటిసారి వేస్తున్నప్పుడు రైజోబియం కల్చర్ (ఆ బాక్టీరియాను పెంచి ప్యాకెట్లలో అమ్మేది) పట్టించిన విత్తనం వాడాలి. వెచ్‌కు, బఠాణీకి ఒకే కల్చర్ పనిచేస్తుంది గాని క్లోవర్‌కు వేరేది కావాలి, ప్యాకెట్ మీద పంట పేరు చూసి కొనండి.

కల్చర్ పట్టిందో లేదో మీరే చూసుకోవచ్చు. మొలిచిన ఐదారు వారాలకు ఒక మొక్కను లాగకుండా, చుట్టూ మట్టితో సహా పారతో లేపి, నీళ్ళలో మెల్లగా కడగండి. లాగితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. సన్నని వేళ్ళకు అంటుకుని ఆవగింజంత, కొన్ని అంతకంటే పెద్ద బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీల్చితే లోపల గులాబీ రంగు లేదా ఎరుపు ఉండాలి. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గర బంధువైన లెగ్‌హిమోగ్లోబిన్ ఇచ్చే రంగు అది. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలు కాలేదని, ఆకుపచ్చగా లేదా బూడిద రంగులో ఉంటే పని ఆగిపోయిందని గ్రహించాలి.

ఇక ఎంత నత్రజని అన్నది. బాగా పెరిగిన వెచ్ పూత దశకు వచ్చేసరికి చదరపు మీటరుకు 10 గ్రాములకు పైగా నత్రజనిని తనలో పోగు చేసుకోగలదు, నేలలో కలిపాక అందులో సుమారు సగం మాత్రమే ఆ ఏటి పంటకు అందుతుంది. పైగా వెచ్ ఆ నత్రజనిలో ఎక్కువ భాగాన్ని సంపాదించేది వసంతంలో పూతకు ముందు వారాల్లోనే. చలి ప్రాంతంలో ఆ సమయానికి టమాటా నాటే తొందర ముంచుకొస్తుంది. తొందరపడి ముందే కోస్తే నత్రజని తగ్గుతుంది, తీగ మళ్ళీ చిగురిస్తుంది. గింజ కట్టేదాకా ఉంచితే గట్టి తొక్క గల ఆ గింజలు ఏళ్ళ తరబడి మొలుస్తూనే ఉంటాయి. అందువల్ల వెచ్ వేసిన మడిని ఆలస్యంగా నాటే పంటకే కేటాయించండి, కంపోస్టును పూర్తిగా మానకండి. భాస్వరం, పొటాష్‌ల సంగతి వేరు. ఏ పైరూ వాటిని గాలి నుంచి తేలేదు, ఉన్నవాటిని కింది నుంచి పైకి తెచ్చి అందించగలదు, అంతే.

ప్రశ్న: మా నేల అడుగు లోతులో రాయిలా గట్టిపడింది. ముల్లంగి వేస్తే ఆ పొర పగులుతుందా?

జవాబు: పొడుగు ముల్లంగి వేరు చలికి చచ్చి కుళ్ళిన చోట వేలు దూరేంత రంధ్రాలు మిగులుతాయి, వసంతపు నీరు వాటిలోంచి త్వరగా ఇంకుతుంది, ఆ మడి తొందరగా ఆరుతుంది కూడా. కాని నిజంగా గట్టిపడిన పొర తగిలినప్పుడు లావు వేరు దాన్ని తొలవలేక మట్టి పైకి లేచి నిలబడడమో, పక్కకు వంగడమో చూస్తాము. అటువంటి చోట ముందుగా తోటపని ఫోర్కు (పొడుగు ముళ్ళ పార) దింపి, మట్టిని తిరగవేయకుండా వదులు చేసి, ఆ తరువాత పైరు వేయండి. కుళ్ళే రోజుల్లో దుర్వాసన వస్తుంది, కంగారు పడవద్దు. క్యాబేజీ, కాలీఫ్లవర్ పండించే మడిలో మాత్రం ముల్లంగి, ఆవాలు కవర్ పంటగా వద్దు. అన్నీ ఒకే కుటుంబానివి కనుక క్లబ్ రూట్ (వేళ్ళు ఉబ్బిపోయే తెగులు) వంటి వాటికి అది ఆశ్రయమవుతుంది.

ప్రశ్న: మాకున్నవి నాలుగే మళ్ళు, పంటకాలం నాలుగు నెలలు. కవర్ పంట కోసం ఒక మడిని వదులుకోలేము. మార్గం ఉందా?

జవాబు: ఉన్న పంట కిందనే చల్లుకోవచ్చు. టమాటా, మొక్కజొన్న, క్యాబేజీ వంటివి నాటిన నాలుగైదు వారాలకు, చివరిసారి కలుపు తీసిన రోజున, వాటి మధ్య ఎర్ర క్లోవర్ లేదా తెల్ల క్లోవర్ చదరపు మీటరుకు రెండు మూడు గ్రాములు చల్లి, పైపైన గీరి తడపాలి. గింజ సన్నది, ఒక సెంటీమీటరు లోతుకు మించి పడకూడదు. ఎర్ర క్లోవర్ నీడను ఓర్చుకుంటుంది, పై పంట తీసేసరికి నేలంతా ఆకుపచ్చగా ఉంటుంది. నాటిన రోజునే చల్లితే నీటికోసం పంటతోనే పోటీ పడుతుంది, ఆ ఆలస్యం అందుకే. క్యారెట్, ఉల్లి వంటి పొట్టి పంటల కింద ఈ పద్ధతి పనికిరాదు.

ప్రశ్న: ఓట్స్ గడ్డి పరచిన మడిలో వసంతంలో మొలకలను నత్తలు తినేశాయి. పచ్చిరొట్ట కలిపిన ఇంకో మడిలో చిక్కుడు గింజలను పురుగులు తొలిచాయి. ఇది కవర్ పంట వల్లేనా?

జవాబు: అవును, రెండూ ఈ పద్ధతికి ఉన్న అసలైన ఇబ్బందులే. చల్లని తడి వసంతంలో చచ్చిన గడ్డి కింద నేల ఆలస్యంగా వేడెక్కుతుంది, ఆ చెమ్మలో గుల్లలేని నత్తలు చేరతాయి. విత్తడానికి రెండు వారాల ముందు ఆ గడ్డిని దంతెతో మడి అంచుకు లాగి, నేలకు ఎండ తగలనిచ్చి, మొక్కలు ఎదిగాక తిరిగి పరచుకోవాలి. చిక్కుడు గింజలను తొలిచేవి ఒక రకం ఈగ పిల్లలు. అప్పుడే తవ్వి కలిపిన పచ్చిరొట్ట వాసనకు ఆ ఈగలు వచ్చి గుడ్లు పెడతాయి. పచ్చిరొట్ట కలిపాక మూడు వారాలు ఆగి, నేల వెచ్చబడ్డాక విత్తితే గింజ త్వరగా మొలిచి ఆ బెడద తప్పించుకుంటుంది.

ప్రశ్న: ఎన్నేళ్ళకు నేల బాగుపడుతుంది? బాగుపడిందని ఎలా తెలుస్తుంది?

జవాబు: ఒక చిన్న లెక్క చూడండి. ఒక చదరపు మీటరు మడిలో 15 సెంటీమీటర్ల లోతు మట్టి సుమారు 200 కిలోలు తూగుతుంది. అందులో సేంద్రియ పదార్థం ఒక్క శాతం పెరగాలంటే రెండు కిలోలు అదనంగా నిలవాలి. బాగా పెరిగిన కవర్ పంట ఇచ్చే ఎండు పదార్థం చదరపు మీటరుకు అర కిలో దాకా ఉంటుంది, అందులోనూ ఎక్కువ భాగాన్ని సూక్ష్మజీవులు తినేసి బొగ్గుపులుసు వాయువుగా గాలిలోకి వదులుతాయి. కనుక రెండేళ్ళలో మట్టి నల్లబడుతుందని చెప్పేవారిని నమ్మకండి. చలి ప్రాంతంలో కుళ్ళే వేగం కూడా తక్కువ కనుక పోగైనది నిలుస్తుంది గాని, అది దశాబ్దం పట్టే పని. కంపోస్టు కూడా తోడైతే కొంత ముందుగా జరుగుతుంది.

అంతకంటే ముందే మారేది మట్టి పలుకుల గట్టితనం. వేళ్ళూ, వాటిని అల్లుకున్న శిలీంధ్రపు దారాలూ రేణువులను చిన్న చిన్న పలుకులుగా కట్టి ఉంచుతాయి, రెండు మూడు చలికాలాలు గడిచేసరికే ఆ తేడాను పరీక్షించి చూడవచ్చు. కవర్ పంట వేసిన మడి నుంచి ఉసిరికాయంత మట్టిగడ్డ ఒకటి, ఎప్పుడూ ఖాళీగా వదిలే చోటు నుంచి అంతే గడ్డ ఇంకొకటి తీసి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి, రెండు గాజు గ్లాసుల నీళ్ళలో ఒకేసారి జల్లెడ ముక్కమీద దించండి. ఒకటి రెండు నిమిషాల్లోనే విడిపోయి నీటిని బురదగా మార్చే గడ్డ, వానకు అట్టకట్టే నేలది. పావుగంట తరువాత కూడా ఆకారం చెడక, నీటిని తేటగా ఉంచే గడ్డ ఏ మడిదో ఆ మడికి పైరు పని చేసినట్టు. ఏటా వసంతంలో ఇదే పరీక్ష అదే చోట మట్టితో చేసి, ఫలితాన్ని విత్తిన తేదీలతో పాటు వ్రాసి ఉంచుకుంటే, మీ నేలకు ఓట్స్ చాలునా, రై శ్రమ పడదగినదా అన్నది రెండు మూడేళ్ళలో మీకే తెలుస్తుంది.